ధర్మతేజ ఇంటి వంట

"మగవాడి చేతికి గరిటె వచ్చిన మర్నాడే ఆ ఇంటి ధర్మం గోడ దూకి పారిపోతుంది!"

ఈ మహావాక్యం 2007 ఆగస్టు నెలలో ఒక సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి గుంటూరు గగనతలంలో వెలువడింది. వెలువరించినవారు 'గళం ఎఫ్.ఎం.' రేడియోలో 'ధర్మపీఠం' కార్యక్రమం నడిపే శ్రీ ధర్మతేజగారు. ఆ మాట పలికిన నోట్లోనే, కుడివైపు పంటి సందున, పొద్దున్నే ఆయన స్వహస్తాలతో పోపు పెట్టిన దోసకాయ పప్పులోని జీలకర్ర గింజ ఒకటి ఇంకా ఇరుక్కుని ఉంది. రేడియో కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

ధర్మతేజ అసలు పేరు పిచ్చయ్య. పుట్టింది పొదిలి అవతల ఒక మెట్ట పల్లెలో. ఆ పల్లెకి దేవుడు వాన తక్కువిచ్చాడు, పిచ్చయ్యకి గొంతు ఎక్కువిచ్చాడు. తొంభై ఆరులో పత్తి విత్తనాల ప్రచారానికి ఆటోకి మైకు కట్టుకుని ఊరూరా తిరిగాడు. పొద్దున ఒక కంపెనీ విత్తనం తప్ప మరొకటి వేస్తే కొంప మునుగుతుందని హెచ్చరించేవాడు. మధ్యాహ్నం అదే ఊళ్ళో, అదే ఆటోకి బ్యానరు మార్చి, రెండో కంపెనీ తరఫున అదే హెచ్చరిక చేసేవాడు. రెండు పూటలా మనస్ఫూర్తిగానే చేసేవాడు. అందులో మోసం లేదు. మైకు చేతిలో ఉన్నంతసేపూ తను చెప్పేదంతా నిజమని మొట్టమొదట నమ్మేది పిచ్చయ్యే.

ఆ తిరుగుళ్ళలోనే వంట అబ్బింది. హోటలు తిండి పడక ఒక కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు ఆటోలో వేసుకుని తిరిగేవాడు. ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊరి ఆడవాళ్ళని, "ఈ పచ్చడి ఎట్టా చేశావమ్మా?" అని అడిగి నేర్చుకునేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి రెండు జిల్లాల పచ్చళ్ళు అతని నాలిక మీద ఉన్నాయి.

పెళ్ళి రాజ్యంతో అయింది. రాజ్యం బి.ఎడ్. చదివి, సెలక్షనులో నెగ్గి, ప్రభుత్వ బడిలో లెక్కల టీచరుగా చేరిన మనిషి. కాపురానికి వచ్చిన మూడో రోజున చారు పెట్టింది. పిచ్చయ్య మాట్లాడకుండా తాగాడు. నాలుగో రోజు తెల్లవారగానే లేచి, "నువ్వు పాఠం చూసుకో, స్టవ్వు సంగతి నేను చూస్తాలే," అన్నాడు. ఆ చూడటం తొమ్మిదేళ్ళుగా సాగుతోంది. రాజ్యం ఏడుంబావు బస్సుకి పొన్నూరు రోడ్డులోని బడికి వెళ్ళేలోపు అన్నం, పప్పు, వేపుడు, పచ్చడి క్యారియరులో సర్దేవాడు. స్టాఫు రూములో ఆ క్యారియరు మూత తీస్తే మిగతా టీచర్లు తమ డబ్బాలు పక్కకి జరిపేవారట. మీ వంటమనిషికి ఎంతిస్తున్నారని రెబ్కా టీచరు ఎన్నోసార్లు అడిగింది. భోజనం పెట్టి బట్టలు కొంటున్నామని రాజ్యం జవాబు చెప్పింది.

పిచ్చయ్య విత్తనాల ఆటో దిగి, గుంటూరులో ఒక కేబుల్ టీవీలో చీరల దుకాణాల ప్రకటనలు చదివి, చివరికి కోటేష్ గారి కంట్లో పడ్డాడు. కోటేష్ కి నాలుగు కోల్డు స్టోరేజీలున్నాయి. మిరపకాయని చల్లగా దాచి బాగుపడ్డవాడు, రేడియోని మాత్రం వేడిగా నడపాలనుకున్నాడు. 'పిచ్చయ్య' అనే పేరుతో రేడియో నడిస్తే వినేవాళ్ళు ఏమనుకుంటారోనని 'ధర్మతేజ' అని మార్చాడు. మొదట్లో ధర్మతేజ పాటలు వేసి, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేవాడు. ఎవరూ వినలేదు. ఒకనాడు ఎవరో భర్త ఫోను చేసి, మా ఆవిడ బ్యాంకు పరీక్ష కోచింగుకి వెళుతోందండీ, రాత్రి అన్నం నేనే వండుకున్నానండీ అని వాపోయాడు. అన్నంలోకి ఏం వండుకున్నారని పిచ్చయ్య నోటిదాకా వచ్చింది. కానీ చేతిలో మైకుంది. మైకు వేరే మాట చెప్పించింది. ఆడవాళ్ళు గడప దాటడం వల్ల, అమ్మాయిల చేతికి సెల్ఫోను రావడం వల్ల, నైటీ వేసుకుని కూరగాయల బండి దగ్గరికి రావడం వల్ల దేశానికి ఏమవుతోందో ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పాడు. ఆ రోజు ఫోన్లు రెండు లైన్లూ నిండిపోయాయి. సాయంత్రం కోటేష్ పిలిచి, ఈ గొంతు పాడే గొంతు కాదు, తిట్టే గొంతు అని నిర్ధారణ చేశాడు. 'ధర్మపీఠం' అలా పుట్టింది.

గరిటె మాట అన్న వారానికి మహిళా సంఘం వాళ్ళు స్టేషన్ ముందుకి వచ్చి, ఇవి కూడా మీరే ఉంచుకోండి అని గుమ్మంలో గరిటెలు కుప్ప పోసి వెళ్ళారు. మొత్తం నలభైమూడు. పేపర్లో ఫోటో పడింది. ప్రకటనల రేటు పెంచడానికి కోటేష్ కి అంతకన్నా మంచి కారణం దొరకలేదు. ధర్మతేజ ఆ కుప్పని ఏవగింపుగా చూసి లోపలికి వెళ్ళాడు గానీ, సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు అందులోంచి కర్ర పిడి ఉన్న పాత ఇనుప గరిటె ఒకటి ఏరుకున్నాడు. అలాంటిది ఇప్పుడు దొరకదు. ఎక్కడిదని రాజ్యం అడిగితే అభిమానులు ఇచ్చారన్నాడు.

రాజ్యం అతని ఉద్యోగం గురించి పెద్దగా మాట్లాడేది కాదు. అక్కడ ఏం చెప్పుకున్నా తన పేరు మాత్రం తేవద్దని మొదట్లోనే చెప్పింది. పిచ్చయ్య సరేనన్నాడు. కానీ ఒక శ్రోత, అయ్యా మీ ఇంట్లో ఎలా అని అడిగినప్పుడు మైకు మళ్ళీ చేతిలోనే ఉంది. "మా ఇంటావిడ రాజ్యం నాలుగింటికే లేస్తుంది. స్టవ్వు ముట్టించనిదే సూర్యుణ్ణి చూడదు. ఉద్యోగమన్న మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు," అన్నాడు. అన్నాక రాజ్యానికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. అయితే ఆ సమయంలో రాజ్యం ఎనిమిదో తరగతికి వడ్డీ లెక్కలు చెబుతోంది. బడి రికార్డులో ఆవిడ భర్త పేరు పిచ్చయ్య. ఎవరికీ ఏమీ తెలియలేదు. దాంతో ధైర్యం వచ్చింది. ఆ తరవాత ప్రతి వారం రాజ్యం గోంగూర నూరింది, రాజ్యం అరిసెలు వండింది, రాజ్యం భర్త తిన్నాక గానీ తినలేదు.

ఈ ఉపదేశాలు విని చాలామంది నవ్వుకున్నారు. కొందరు మాత్రం నమ్మారు. నమ్మినవాళ్ళలో మొదటివాడు చెంచయ్య. ఆయనకి పొన్నూరు రోడ్డులో పురుగుమందుల దుకాణం ఉంది. దుకాణంలో పొద్దస్తమానం రేడియో మోగుతుంది. ధర్మతేజ మీద భక్తితో ఆయన 'కుటుంబ ధర్మ పరిరక్షణ సమితి' స్థాపించి, దానికి తానే అధ్యక్షుడై, లెటరుహెడ్డు అచ్చు వేయించాడు.

జనవరి నెలలో ఒక సాయంత్రం రాజ్యం బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. పిచ్చయ్య పండుమిరపకాయలు పాత పంచె మీద ఆరబోస్తున్నాడు.

"శ్రీరమ్య వారం నుంచి బడికి రావట్లేదని చెప్పాను కదా. ఇవాళ వాళ్ళ నాన్న దుకాణానికి వెళ్ళి అడిగాను," అంది.

శ్రీరమ్య సంగతి పిచ్చయ్యకి తెలుసు. పదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ తొంభై అయిదు తగ్గదు. రాజ్యం ఇంట్లో ఒక విద్యార్థి పేరెత్తిందంటే ఆ పిల్ల పేరే.

"ఏమన్నాడు?"

"పదో తరగతి వద్దట, వంట నేర్పిస్తున్నాడట. పబ్లిక్ పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయండీ అన్నాను. దానికాయన, టీచరుగారూ, ధర్మతేజగారి భార్య ఉద్యోగం చేస్తుందా? ఆ మహాతల్లి చదువుకోలేదా? అయినా నాలుగింటికి లేచి వంట చేసుకుంటోంది, అన్నాడు."

పిచ్చయ్య చేతిలోని మిరపకాయ తొడిమ తుంచేశాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆ మహాతల్లి నాకు తెలియదండీ అన్నాను," అని రాజ్యం లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పిచ్చయ్య చేసిన వంకాయ కూర ఎంతో బాగా కుదిరింది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట అనలేదు. రేపు రేడియోలో ఆడపిల్లల చదువు గురించి ఒక మంచి ముక్క చెప్పాలని అతను గట్టిగా అనుకున్నాడు. మర్నాడు మైకు ముందు కూర్చున్నాక మొదటి ఫోను చెంచయ్యదే. తన కూతుర్ని బడి మాన్పించిన విషయం ఆయన గర్వంగా చెప్పుకున్నాడు. రెండు జిల్లాలు వింటున్నాయి. ధర్మతేజ గొంతు సవరించుకుని, "మీవంటి తండ్రులు ఉండబట్టే ఇంకా వానలు పడుతున్నాయి," అన్నాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పలేకపోయాడు. చెప్పనక్కరలేదు, రాజ్యం అప్పటికే వినేసింది. ఆ పూట రెబ్కా టీచరు స్టాఫు రూములో రేడియో పెట్టిందట.

సరిగ్గా ఈ సమయంలోనే కోటేష్ కి ఒక ఆలోచన వచ్చింది. రాబోయే ఆదివారం 'ధర్మపీఠం' కార్యక్రమం ధర్మతేజ ఇంటి నుంచే ప్రత్యక్ష ప్రసారం చేయాలి. రాజ్యంగారు పండుమిరప గోంగూర పచ్చడి చేస్తూ శ్రోతలతో మాట్లాడాలి. ఒక కుక్కర్ల డీలరు ప్రకటన కూడా ఇచ్చేశాడు. పిచ్చయ్య వెంటనే సాకులు వెతికాడు. మా ఆవిడకి గొంతు పోయిందన్నాడు. మిరియాల పాలు పంపిస్తానన్నాడు కోటేష్. సింగరాయకొండ వెళ్ళింది, మొక్కు ఉందన్నాడు. కారు పంపిస్తానన్నాడు.

పిచ్చయ్య ఇంటికి వచ్చి, తల వంచుకుని, ఒక్క గంట నటించమని భార్యని బతిమాలాడు. రేడియోయే కాబట్టి చేతులు తనవి, గొంతు ఆవిడది అయితే చాలన్నాడు. రాజ్యం, సరే మాట్లాడతాను అంది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం అతనికి కాస్త భయం కలిగించింది. అయినా కూర్చుని పచ్చడి విధానమంతా నాలుగు పేజీలు రాసి ఇచ్చాడు. రాజ్యం అందులో రెండు అక్షరదోషాలు దిద్ది, మడిచి బీరువాలో పెట్టింది.

ఆదివారం తొమ్మిదింటికి స్టేషన్ నుంచి షాజాదీ వచ్చింది. 'ధర్మపీఠం'లో ఫోన్లు కలిపేదీ, మీటలు నొక్కేదీ ఈ అమ్మాయే. వంటింటి గట్టు మీద ఒక మైకు పెట్టి, రాజ్యం చేతికి ఒకటి ఇచ్చింది. పిచ్చయ్య రోటి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నారని షాజాదీ అడగలేదు. ఆడవాళ్ళకి బరువు పని ఇవ్వకూడదని ఆయనే అంతకుముందు చెప్పి ఉంచాడు.

ధర్మతేజ ముందుమాట చెప్పి, పక్కకి తప్పుకున్నాడు. మొదటి ఫోను పొన్నూరు నుంచి, ఎవరో పెద్దావిడ. పండుమిరప పచ్చడికి కాయలు ఎలా సిద్ధం చేసుకోవాలమ్మా అని రాజ్యాన్ని అడిగింది.

"ముందు తొడిమలన్నీ తీసేసి," అంది రాజ్యం నింపాదిగా, "ఒక గంట నీళ్ళలో నానబెట్టాలండి."

రోటి ముందు పిచ్చయ్య చేతిలోని పచ్చడిబండ కింద పెట్టాడు. తొడిమ తీసిన కాయని నీళ్ళలో వేస్తే లోపలికి నీరు పట్టి పచ్చడి మూడో రోజుకి బూజు పడుతుంది. అతను భార్య వంక చూశాడు. ఆవిడ చూపు మైకు మీదే ఉంది.

గోంగూర సంగతేమిటని పెద్దావిడ కాస్త అనుమానంగా అడిగింది.

"ఉడకబెట్టి ఆ నీళ్ళు వంపెయ్యాలండి. పులుపు పోతుంది."

పిచ్చయ్య కళ్ళు మూసుకున్నాడు. అతనికి ఒకదాని వెంట ఒకటి రెండు జిల్లాల వంటిళ్ళు కనిపించాయి. వేల మంది ఆ మాట విని ఇప్పుడు గోంగూర నీళ్ళు తూములో పారబోస్తున్నారు. పులుపు పోయాక అది గోంగూర ఎలా అవుతుంది?

"మెంతులో?" అంది షాజాదీ.

"మెంతులు నల్లగా మాడేదాకా వేయించి..."

"ఆపు!" అన్నాడు పిచ్చయ్య.

పీట మీంచి లేచాడు. రాజ్యం చేతిలోని మైకు అందుకున్నాడు. "అమ్మా, పొన్నూరు అమ్మా, ఉన్నారా? ఆ కాయలు నీళ్ళలో వెయ్యకండి. తొడిమతోనే కడగాలి. పొడిబట్టతో తుడిచి, ఆరబెట్టి, అప్పుడు తొడిమ తియ్యాలి. గోంగూర ఉడకబెట్టడం మహాపాపం. ఆకు నీడలో ఆరాలి, నూనెలో మగ్గాలి. మెంతులు ఎర్రబడగానే దించెయ్యాలి, నల్లబడితే చేదు వచ్చి పచ్చడంతా పోతుంది."

అక్కడితో ఆగలేదు. తొమ్మిదేళ్ళుగా ఎవరితోనూ చెప్పుకోలేనిదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. కాయ ఏ పొలానిది మంచిది, ఉప్పు ఎప్పుడు పడాలి, రోట్లో ఎంతసేపు నూరితే గింజ నలుగుతుంది, అద్దంకి వైపు ఆడవాళ్ళు ఇంగువ ఎలా వేస్తారు, తను రోజూ పొద్దున్నే రాజ్యం క్యారియరులో ముద్ద మీద నెయ్యి వేసి ఎలా సర్దుతాడు. పదకొండు నిమిషాలు మాట్లాడాడు. అతని జీవితంలో ఒక్క అబద్ధం లేకుండా చేసిన ప్రసారం అదొక్కటే.

షాజాదీ మైకు ఆపలేదు. ఆపాలన్న సంగతే మరిచిపోయింది. చివరికి తేరుకుని, మరి మేడమ్ వంట ఎప్పుడు చేస్తారు సార్ అని అమాయకంగా అడిగింది.

"నాకు తీరికెక్కడిదమ్మా?" అంది రాజ్యం. "ఏడుంబావు బస్సుకి వెళ్ళాలి. బళ్ళో లెక్కలు చెబుతాను."

ఆ తరవాత కాసేపు గళం ఎఫ్.ఎం.లో కుక్కర్ల ప్రకటన తప్ప మరేమీ వినిపించలేదు.

షాజాదీ వెళ్ళిపోయాక పిచ్చయ్య రోటి దగ్గరే చతికిలబడ్డాడు. కావాలనే అన్నావు కదా అని అడిగాడు. కావాలనే అన్నానంది రాజ్యం. అతన్ని ఎన్ని మాటలన్నా సహిస్తాడనీ, గోంగూరని అంటే మాత్రం సహించడనీ తనకి తెలుసంది. కోపం తెచ్చుకోవాలని పిచ్చయ్య ప్రయత్నించాడు. రాలేదు. సాయంత్రానికి కోటేష్ కబురు పెట్టాడు. సమితి వాళ్ళు లెటరుహెడ్డు మీద సంజాయిషీ అడిగారనీ, రేపు తొమ్మిదింటికి క్షమాపణ చెప్పటమో, రాజీనామా ఇవ్వటమో తేల్చుకోమనీ.

"ఏం చెప్పమంటావు?" అని భార్యని అడిగాడు పిచ్చయ్య.

"ఉన్నది చెప్పండి. అంతకన్నా ఏముంది?"

మర్నాడు అతను ఉన్నదే చెప్పాలని వెళ్ళాడు. నాకు వంటంటే ఇష్టం, మా ఆవిడ సంపాదన మీదే తొమ్మిదేళ్ళు బతికాను, ఇన్నాళ్ళూ అబద్ధమాడాను. మూడే ముక్కలు. దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. స్టూడియోలో ఎర్ర దీపం వెలిగింది. మైకు చేతికొచ్చింది.

"శ్రోతలారా," అన్నాడు ధర్మతేజ. "గుళ్ళో ప్రసాదం వండేది ఎవరు? మగవాళ్ళు! పెళ్ళిలో వెయ్యిమందికి వండేది ఎవరు? మగవాళ్ళు! మరి ఇంట్లో వంట ఆడవాళ్ళకి ఎవరప్పగించారు? ఇది మన సంప్రదాయమేనా? వంట మగవాడి ధర్మం. దాన్ని ఆడవాళ్ళ నెత్తిన రుద్దడం ఈ మధ్య వచ్చిన చెడ్డ అలవాటు. ఆడది వంటింట్లో అడుగుపెట్టిన నాడే ధర్మం గోడ దూకింది. నేను ఇన్నాళ్ళూ మిమ్మల్ని పరీక్షించాను!"

అద్దం అవతల షాజాదీ మీట మీద చెయ్యి పెట్టి, ఆపనా అన్నట్టు కోటేష్ వంక చూసింది. కోటేష్ మాత్రం ఫోను లైన్ల వంక చూశాడు. రెండూ నిండి ఉన్నాయి. సిద్ధం చేసి ఉంచిన రాజీనామా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదటి ఫోను ఒక ఆడమనిషిది. పేరు సంతోషకుమారి అని, పొన్నూరు రోడ్డులో పురుగుమందుల కొట్టువారి ఇల్లాలినని చెప్పింది.

"అయితే బాబూ, ఆడపిల్లకి వంట నేర్పించడం తప్పంటారా?"

"ఘోరమైన తప్పమ్మా," అన్నాడు ధర్మతేజ. అని, ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పుడు గ్రహించాడు. అతని గొంతు తగ్గింది. అది పిచ్చయ్య గొంతు. "ఆ పిల్లని బడికి పంపించండమ్మా. హాలు టికెట్టు పోకుండా చూడండి."

"ఆ ముక్క ఆయనతోనే చెప్పండి, పక్కనే ఉన్నారు," అని ఆవిడ ఫోను అందించింది.

కుటుంబ ధర్మ పరిరక్షణ సమితి అధ్యక్షులు చాలాసేపు గొంతు సవరించుకున్నారు. ధర్మం ఎప్పుడు మారింది స్వామీ అని అడిగారు. మారలేదనీ, మనమే పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదివామనీ ధర్మతేజ చెప్పాడు. రెండు జిల్లాలు వింటుండగా అధ్యక్షులు ఇంకేమనగలరు? సమితి తీర్మానం ప్రకారం ధర్మతేజగారి మాటే శిరోధార్యం. లెటరుహెడ్డు మీద అచ్చు కూడా వేయించి ఉంది. "సరే స్వామీ," అన్నారు.

గురువారం పొద్దున శ్రీరమ్య బడికి వచ్చింది. వెంట చెంచయ్య ఉన్నాడు, చేతిలో కొత్త క్యారియరు. హెడ్మాస్టరు గారూ, రెబ్కా టీచరూ, రాజ్యం గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. పిల్లకి పరీక్షలయ్యేదాకా సెలవుల్లో కూడా ప్రత్యేకంగా లెక్కలు చెబుతామని హెడ్మాస్టరు హామీ ఇచ్చారు. ఆయన కళ్ళు క్యారియరు మీద పడ్డాయి. బాబుగారింట్లో ఏం వండారేమిటని మాటవరసకి అడిగారు.

చెంచయ్య అటూ ఇటూ చూశాడు. వీధిలో నలుగురు తెలిసినవాళ్ళు నడుస్తున్నారు.

"గోంగూర పచ్చడండీ. మా ఆవిడ తెల్లారకముందే లేచి నూరింది," అన్నాడు గట్టిగా, వాళ్ళకి కూడా వినపడేలా. "ఎంతైనా ఆడవాళ్ళ చేతి వంటే వంట."

ఆయన క్యారియరుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. ఖాళీ అయిన చేతిని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటున్నాడు. వేళ్ళన్నీ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

రాజ్యం ఆ వేళ్ళ వంక చూసి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"పండుమిరప మంటకి మజ్జిగ మంచి మందండీ. అందులో కాసేపు చేతులు పెట్టుకోమని చెప్పండి, మీ ఆవిడకి."

చెంచయ్య రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకున్నాడు.

"చెబుతానండీ," అన్నాడు.